కారు పొట్ట చూసి కొనండి: డెల్టా దారుల్లో క్రాసోవర్ ఈవీ

నిస్సాన్ ఈవీ (కరెంటు కారు) లీఫ్ 2010 చివర్లో అమ్మకానికి వచ్చినప్పుడు గుండ్రటి హ్యాచ్‌బ్యాక్. 2025లో కంపెనీ బయటపెట్టిన మూడో తరం లీఫ్ మాత్రం క్రాసోవర్, అంటే నేలనుంచి కాస్త లేచి ఎస్‌యూవీలా కనిపించే కారు. రూపం మొత్తం మారింది, పొడవు కాస్త తగ్గింది, చక్రాలు పెద్దవయ్యాయి. అమెరికాలో విడుదలనాటి ధర 30 వేల డాలర్లకు కొంచెం లోపే మొదలైంది. 75 కిలోవాట్ అవర్ల (అంటే యూనిట్ల) బ్యాటరీతో ఒక్క చార్జింగుకి గరిష్ఠంగా 303 మైళ్లు, అంటే 488 కిలోమీటర్లు వస్తుందని అక్కడి అధికారిక లెక్క. మన దేశంలోనూ చవక ఈవీలు అదే దారి పట్టాయి. 2022లో టాటా టియాగో ఈవీ హ్యాచ్‌బ్యాక్‌గానే వచ్చింది. 2024 జనవరిలో పంచ్ ఈవీ, సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ వచ్చేసరికి బండ్లు లేచి నిలబడ్డాయి.

లీఫ్ మన దగ్గర దొరకదు. అయినా గోదావరి డెల్టాలో ఈవీ కొనాలనుకునేవాళ్లు దాని కథ తెలుసుకోవాలి. ఎందుకంటే ఈ మూడో తరంలో జరిగిన అసలు మార్పు పైకి కనిపించదు. మొదటి రెండు తరాల లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటే లేదు, చుట్టూ ఉన్న గాలే దిక్కు. అమెరికాలో అరిజోనా ఎడారి ఎండలకి 2012 నాటికే చాలా కార్లలో బ్యాటరీ సామర్థ్యం పడిపోయింది. గొడవ కోర్టుదాకా వెళ్లాక కంపెనీ సామర్థ్యానికి కూడా వారంటీ ఇచ్చింది. రెండో తరంలో బ్యాటరీ పెద్దదైంది కానీ, దూరప్రయాణంలో రెండోసారి ఫాస్ట్ చార్జింగ్ పెడితే వేడెక్కిన ప్యాక్ కరెంటు తీసుకోవడం బాగా తగ్గించేసేది. మూడో తరంలోగానీ కూలెంట్ ద్రవం తిరిగే ప్యాక్ రాలేదు. పదిహేనేళ్లు పట్టిన ఆ దిద్దుబాటు ముందు కొత్త రూపం చిన్న విషయం.

మనకీ పట్టించుకోవాల్సింది అదే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తణుకులోనో రాజమహేంద్రవరంలోనో పగలు నలభై డిగ్రీలు మామూలు మాట. తీరం వైపు వెళ్తే ఎండ కాస్త తగ్గినా ఉక్కపోత వదలదు, రాత్రి కూడా చల్లబడదు. లిథియం సెల్‌ని ముసలిదాన్ని చేసేవి రెండు: వేడి, నిండా చార్జింగ్. ఈ రెండూ కలిసి గంటల తరబడి ఉంటే నష్టం ఎక్కువ. సాయంత్రం ఎండలో తిరిగొచ్చిన బండిని మూడువైపులా గోడలున్న పోర్టికోలో పెట్టి, వెంటనే ప్లగ్గు తగిలించి, తెల్లారేదాకా నూరు శాతం మీద వదిలేయడం ఇక్కడ ఇంటింటా కనిపించే పద్ధతి. ఓ రెండు గంటలు ఆగి, పొద్దున బయల్దేరే వేళకి పూర్తయ్యేలా టైమర్ పెట్టుకుంటే చాలు. బ్యాటరీ ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమైతే రోజువారీ 80 శాతం దగ్గర ఆపాలి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే వారానికోసారి నూరుదాకా నింపాలి. ఆ రకంలో వోల్టేజీ చాలాసేపు ఒకేలా ఉంటుంది కాబట్టి, నిండా చార్జి కాకపోతే బండికి తన దగ్గరెంత మిగిలిందో లెక్క తప్పుతుంది. డ్రైవింగులో 20 శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా పడిపోయే ఫిర్యాదుల్లో ఇదొక ముఖ్యమైన కారణం. షోరూములో సన్‌రూఫ్ గురించి అడిగేముందు, బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ ఉందా, సెల్ ఏ రకం అని అడగండి. జవాబు నోటిమాటగా వద్దు, బ్రోచర్‌లో చూపించమనండి.

ఇక క్రాసోవర్ రూపం ఎందుకు? ఫ్యాషన్ ఒక కారణమే. పెద్ద కారణం నేల. బ్యాటరీ ప్యాక్ మందం సగం జానెడు పైనే ఉంటుంది, దాన్ని సీట్ల కింద పరవాలి. పొట్టి హ్యాచ్‌బ్యాక్‌లో అలా పరిస్తే కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకొస్తాయి, లేదా కారు పొట్ట రోడ్డుకి ఆనుతుంది. కారుని మొత్తంగా పైకి లేపితే ఆ మందం కంటికి ఆనదు. అంటే ఎత్తు పెరిగిన ప్రతి అంగుళమూ మన గోతులకోసం పెరగలేదు, అందులో కొంత బ్యాటరీ తినేసింది.

పన్ను సంగతి కూడా ఒకటుంది. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవూ 1200 సీసీ లోపు ఇంజనూ ఉన్న పెట్రోలు కారుకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం, అంతకన్నా పెద్దదైతే ఇంకా ఎక్కువ. ఈవీకి పొడవుతో సంబంధం లేకుండా 5 శాతమే. కాబట్టి ఈవీని నాలుగు మీటర్లలో ఇరికించాల్సిన అవసరం లేదు. పెట్రోలు బండి ఒంట్లోనే బ్యాటరీ పెట్టినవాళ్లకే ఆ ఇరుకు. ఈవీగానే పుట్టిన క్రాసోవర్లు చక్రాలని చివరలకి జరిపి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) పెంచుకుంటున్నాయి. లోపల చోటు బాగా వస్తుంది. అయితే ఆ పొడవు మన దారుల్లో ఇంకోచోట తగులుతుంది.

నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కించడం చూస్తే తెలుస్తుంది. రేవు కాంక్రీటు వశిష్ఠ పాయలోకి దిగుతుంటుంది, పంటు పలక పైకి లేచి ఉంటుంది. ముందు చక్రాలు పలకెక్కి వెనక చక్రాలు రేవులో ఉన్నప్పుడు మామూలుగా మూతికో తోకకో తగులుతుందని భయపడతాం. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు దిగి ఏటిగట్టు ఎక్కేటప్పుడు ప్రమాదం నడిమి పొట్టకి. గట్టు మీది రోడ్డుకి అడ్డంగా ఎక్కి దిగే ప్రతి ఊరి దారిలోనూ ఇదే సమస్య. అక్కడ పనికొచ్చే లెక్క గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ కారు పొట్టకీ మధ్య ఎత్తు) ఒక్కటే కాదు, దాన్ని వీల్‌బేస్‌తో కలిపి చూడాలి. వీల్‌బేస్ 2,400 మిల్లీమీటర్లు, క్లియరెన్స్ 166 ఉన్న హ్యాచ్‌బ్యాక్ సుమారు 16 డిగ్రీల మిట్టని పొట్ట తగలకుండా దాటుతుంది. వీల్‌బేస్ 2,700, క్లియరెన్స్ 186 ఉన్న పొడవాటి క్రాసోవర్ దాటేదీ దాదాపు అంతే! రెండు సెంటీమీటర్ల ఎత్తు పెరిగినా ఒరిగింది లేదు. అదే 2,445 వీల్‌బేస్, 190 క్లియరెన్స్ ఉన్న పొట్టి బండికి 18 డిగ్రీల దాకా వస్తుంది.

ఇవి ఖాళీ బండి లెక్కలు. అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా, ఓ పాతిక కొబ్బరికాయలు పడితే స్ప్రింగులు మూడు నాలుగు సెంటీమీటర్లు దిగుతాయి. అప్పుడు ఆ పొట్టి బండికి మిగిలేది 15 డిగ్రీల లోపు, పొడవాటిదానికి 13 దగ్గర. పెట్రోలు కారులో కింద తగిలితే సైలెన్సర్ సొట్టపడుతుంది. ఈవీలో తగిలేది ప్యాక్ పెట్టె. పెట్టె సొట్టపోతే లోపలి సీలు దెబ్బతినే అవకాశం ఉంది, సర్వీసులో ప్యాక్ మొత్తం మార్చాలని కూడా అనొచ్చు. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లొద్దు. ఇంటిల్లిపాదీ ఎక్కి, మీ ఊరి గట్టు ఎక్కించి చూడండి. కంపెనీలు నిండు బరువుతో క్లియరెన్స్ ఎంతో ముద్రించడం తప్పనిసరి చేయాలని ఈ వ్యాసం గట్టిగా కోరుతోంది.

రేంజి విషయంలో డెల్టాకి కలిసొచ్చేవీ ఉన్నాయి. నేల చదును, కాలవ గట్ల మీద వేగం నలభై యాభై దాటదు. ఒకటిన్నర టన్నుల క్రాసోవర్‌కి 45 కిలోమీటర్ల వేగంలో గాలి అడ్డు టైర్ల రాపిడిలో సగం కూడా ఉండదు. జాతీయ రహదారి 16 ఎక్కి వంద పట్టుకుంటే గాలి అడ్డు ఆ రాపిడికి రెండింతలు దాటుతుంది. అంటే ఎత్తయిన ఒళ్లు పెద్ద రోడ్డు మీదే ఖరీదు, గట్టు రోడ్డు మీద లెక్కలోకి రాదు. ఏసీ సంగతి దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ఉక్కలో కంప్రెసర్ గంటకి ఒక యూనిట్ పైనే లాగుతుంది. 40 వేగంలో అది కిలోమీటరుకి 30 వాట్ అవర్ల దాకా, బండి నడవడానికి తినే కరెంటులో పావు వంతుకి పైన. వంద వేగంలో అదే ఏసీ కిలోమీటరుకి పన్నెండే. నెమ్మదిగా తిరిగేవాళ్లకి పెద్ద గాజు పైకప్పు ఎంత నష్టమో దీన్నిబట్టి చూసుకోండి. అమలాపురం నుంచి రాజమహేంద్రవరం సుమారు 65 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 35 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పుష్కలం. నెలకోసారి హైదరాబాద్ వెళ్లేవాళ్లకే అంతకన్నా పెద్దది కావాలి.

మాసూళ్ల రోజుల్లో రోడ్డు సగం ధాన్యం ఆరబోతకే పోతుంది, మిగతా సగంలో గడ్డి. పెట్రోలు, డీజిలు కార్ల సైలెన్సర్‌కి గడ్డి చుట్టుకుని అంటుకోవడం మనకి తెలిసిందే. ఈవీ అడుగున కాలే గొట్టమే లేదు, ఇది నిజమైన లాభం. కానీ గడ్డి ముందు చక్రాల డ్రైవ్ షాఫ్టుకి చుట్టుకుంటే రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారుతుంది. సీజను అయ్యాక ఒకసారి బండిని లిఫ్ట్ మీద పెట్టించి గడ్డి లాగించాలి. కోతల తర్వాత చేలో ఎలకలు ఇళ్లవైపు వస్తాయి, అవి బోనెట్‌లో దూరి నారింజ రంగు హైవోల్టేజ్ తీగ కొరికితే బండి కదలదు, బిల్లు వేలల్లో ఆగదు.

భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల, ఇంకా 216 నంబరు రహదారి పొడవునా ఉప్పుది వేరే బాధ. రొయ్యల లారీలనుంచి కారే ఐసు నీళ్లతో రోడ్డంతా ఉప్పే. ఈవీ బ్రేకులకి ఇది మరీ చెరుపు. మోటారే బండిని ఆపి కరెంటు వెనక్కి తీసుకుంటుంది కాబట్టి బ్రేకు డిస్కులకి పని తక్కువ, పని లేని డిస్కు ఉప్పుగాలికి తుప్పు పట్టి ప్యాడ్ కరుచుకుంటుంది. వారానికోసారి రీజెన్ (మోటారుతో ఆపే ఆ పద్ధతి) సున్నాకి పెట్టి, ఖాళీ రోడ్డు చూసి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే తుప్పు రాలిపోతుంది. చార్జింగ్ పోర్టు ఎక్కడుందో కూడా చూడండి. పాత లీఫ్‌లో ముక్కు మీద ఉండేది, కొత్తదాంట్లో ముందు చక్రాల పైన పక్కలకి మార్చారు. ముందుబండి చిమ్మే ఉప్పునీరు నేరుగా పడని చోటు మంచిది. పిన్నుల మీద పచ్చగా చిలుము కనబడితే గరుకు కాగితంతో గీకొద్దు, పూత పోయి ఇంకా వేడెక్కుతుంది. సర్వీసువాళ్లకి చూపించండి.

ఇంట్లో చార్జింగుకి ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది ఎర్తింగు దగ్గర. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ ఎక్కువుంటే కారు కరెంటు తీసుకోదు. మల్టీమీటరుతో చూస్తే ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్తు రెండూ దాదాపు సమానంగా, న్యూట్రల్–ఎర్తు రెండు మూడు వోల్టుల్లో ఉండాలి. డెల్టా నేల తడిది కాబట్టి గుంట తీసిన కొత్తలో ఎర్తు చక్కగా ఉంటుంది. కానీ ఉప్పు నేలలో జీఐ (జింకు పూత ఇనుప) పైపు కొన్నేళ్లకే తినేసుకుపోతుంది, కోనసీమ తీరంలో రాగి పూత ఉన్న రాడ్ వేయించడం మేలు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తెగే స్విచ్చి), టైప్ ఏ రకం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (షాకు కొట్టకుండా ఆపే స్విచ్చి), మంచి 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు, గంటల తరబడి 14 ఆంపియర్లు లాగితే పిన్నులు కాగి ప్లాస్టిక్ కరుగుతుంది. 3.3 కిలోవాట్ల చార్జరుతో 25 కిలోవాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి తొమ్మిది గంటలకి కాస్త తక్కువ, 35 దానికి పన్నెండు. లైను చివర ఉన్న ఊళ్లలో ఆక్వా మోటార్లు తిరిగే వేళ 180 వోల్టులే వస్తే ఈ టైము ఇంకో పావు వంతు పెరుగుతుంది. ఒకటి రెండు కిలోవాట్ల లోడుతో కనెక్షను ఉన్నవాళ్లు ఈపీడీసీఎల్ (ఇక్కడి కరెంటు పంపిణీ సంస్థ)లో ముందే అయిదుకి పెంచుకోవాలి.

అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది వరద. బ్యాటరీకి ఐపీ67 అంటారు, అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఆగగలదని. ఆ పరీక్ష మంచినీటిలో, కొత్త సీలుతో. లంకల్లో గోదావరి నీరు అరగంటలో దిగదు, 2022 జూలైలో రోజుల తరబడి నిలిచింది. అంతర్వేది వైపు ఉప్పెన నీరైతే మరీ ప్రమాదం. 2022లో ఇయన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో ఉప్పునీట మునిగిన ఈవీలు కొన్ని నీరు తీసేశాక రోజులకి అంటుకున్నాయి, ప్యాక్‌లో మిగిలిన ఉప్పు సెల్స్ మధ్య కరెంటుకి దారి ఇవ్వడం వల్ల. వాయుగుండం అన్న మాట వినగానే చార్జింగు తీసేసి బండిని ఏటిగట్టు మీదకో మెరక ఊరికో చేర్చాలి. మునిగిపోతే నీరు దిగాక దాన్ని ఇంటికీ గడ్డిమేటుకీ పశువుల పాకకీ కనీసం 50 అడుగుల దూరంలో, పైన కొబ్బరాకు పందిరి లేని చోట పెట్టించాలి. కంపెనీ మనిషి ప్యాక్ పరీక్షించేదాకా స్టార్ట్ చేయకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. బీమా పాలసీలో బ్యాటరీకి నీటి నష్టం విడి యాడ్-ఆన్‌గా ఉందేమో జూన్ లోపే చూసుకోవాలి.