ఆండర్సన్ లోకలైజేషన్ గారికి, ఒక లేజర్ ల్యాబు నుంచి

మహారాజశ్రీ ఆండర్సన్ లోకలైజేషన్ గారి దివ్య సముఖానికి,

ఇవాళ మధ్యాహ్నం కూడా తమరు దయచేయలేదు. ఎవరో మీ వేషం కట్టుకొచ్చి, మా చేత దండాలు పెట్టించుకుని వెళ్లారు.

తమరి గుణగణాలు మాకు కంఠోపాఠం. రేణువులు అడ్డదిడ్డంగా ఉన్నచోట అల తగిలి తగిలి చెదిరి, ఆ చెదిరిన అలలే కలబడి ముందుదారి మూసేసి, అల ఉన్నచోటే చిక్కడిపోవాలి; అదే తమరు. 1958లో ఫిలిప్ ఆండర్సన్ గారు ఎలక్ట్రాన్ల గురించి చెప్పిన మాట ఇది. 1979లో ఆయనా, మన టి.వి. రామకృష్ణన్ గారూ, మరో ఇద్దరూ కలిసి మెలిక పెట్టారు: పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతల్లో గజిబిజి ఒక మోతాదు దాటితే తప్ప తమరు రారు. సరే, కాంతి అలకైనా ఆ మోతాదు దాటిద్దామనే కూర్చున్నాం.

మా దగ్గరున్నది టైటానియం డయాక్సైడ్, గోడల పెయింటులో ఉండే తెల్ల పొడే. ఒకవైపు లేజర్ పల్స్ కొట్టి, రెండోవైపు ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, ఎప్పుడెప్పుడు బయటపడ్డాయో లెక్కపెడతాం. మామూలుగా అయితే, ఒక్కో మెట్టూ పది రెట్లుగా ఉండే లాగ్ స్కేల్ మీద గ్రాఫు చివర తిన్నగా దిగిపోతుంది. తమరుంటే ఆలస్యంగా వచ్చే ఫోటాన్లతో పొడవాటి తోక రావాలి. ఇవాళ వచ్చింది! ఎంత ముద్దుగా ఉందో. మా సీనియర్ అన్న స్క్రీన్‌కి ఫోటో కూడా తీశాడు. అప్పుడు గైడ్ గారొచ్చి, డిటెక్టర్ ముందు లేజర్ రంగును తప్ప దేన్నీ వదలని ఫిల్టర్ పెట్టమన్నారు.

తోక ముడిచింది.

ఆ ఫోటాన్లు చిక్కుకున్నవి కావు. పొడే లేజర్ కాంతిని మింగి, కాసేపాగి, ఇంకాస్త ఎర్రగా కక్కింది. ఫ్లోరోసెన్స్! జర్మనీలో కాన్‌స్టాంజ్ యూనివర్సిటీ వాళ్లకూ ఇలాంటి తెల్ల పొడిలోనే 2006లో తోక కనిపించింది. 2013లో ఇంకా గట్టిగా చెప్పారు. 2016లో వాళ్లే, అది ఫ్లోరోసెన్స్ అని రాశారు. పదేళ్లండీ! అది చదివే కదా మేం ఫిల్టర్ తెప్పించింది. అన్నీ తెలిసినా, అది బిగించేలోపే మనసు ఆశపడిపోతుంది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది మా బతుకు.

ఇక మర్యాద నా వల్ల కాదు. కాంతి ఏం పాపం చేసింది నీకు? 2008లో అల్ట్రాసౌండ్‌కి అల్యూమినియం పూసలు అతికించిన దిమ్మలో దొరికావు. అదే ఏడు పారిస్ దగ్గర అతిశీతల పరమాణువులకీ దొరికావు, ఒక్క కొలతలోనే అనుకో. 1997లో గాలియం ఆర్సెనైడ్ పొడిలో కాంతికి చిక్కావన్నారు. 1999లో, పొడి కాంతిని మింగినా అలాగే కనిపిస్తుందిగా అని వేరేవాళ్లు అడ్డం తిరిగారు. 2023లో, ఒకదాంట్లోకొకటి చొచ్చుకున్న లోహపు గోళాలైతే వస్తావట. ఎక్కడా? కంప్యూటర్ సిమ్యులేషన్లో! నిజం లోహం కాంతిని ఎంత మింగుతుందో నీకు తెలీదూ?

పొడి పారబోద్దామంటే చేతులు రావు. లేజర్ వచ్చిన దిక్కుకే సూటిగా తిరిగొచ్చే కాంతిని చూస్తే, చుట్టుపక్కలకన్నా దాదాపు రెట్టింపు వెలుగు. ఒకే దారిలో అటు నడిచిన అలా, ఇటు నడిచిన అలా బయటికొచ్చేసరికి అడుగు కలుపుతాయి. 1985 నుంచీ ల్యాబుల్లో కనిపిస్తూనే ఉంది. నీ చుట్టమేగా అది? అది ఠంచనుగా వస్తుంది, నీకేం రోగం?

ఫెలోషిప్ అయిపోవస్తోంది. రేణువుల సైజు మార్చిన కొత్త శాంపిల్ సోమవారం వస్తుంది. ఈసారి ఫిల్టర్ ముందే బిగించి ఉంచుతాం. వస్తే దాంట్లోంచే రా.

ఇట్లు,
ఒక రీసెర్చ్ స్కాలర్