సూపర్‌బర్డ్‌ని అద్దంలా మెరిపిస్తే అసలుది పోతుంది

పొడుగాటి ముక్కు, డిక్కీ మీద గుమ్మంలా నిలబడ్డ రెక్క. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ ప్లిమత్ బ్రాండు కింద 1970లో అమ్మిన సూపర్‌బర్డ్ కారు ఫొటో ఇలా ఒకటి కార్ల గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. దాని కింద కథ ఇది: "కంపెనీయే కట్టి అమ్మిన రేసు కారు. గంటకు 320 కిలోమీటర్లు పోయేది. అందరినీ ఓడించేస్తోందని నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ) నిషేధించింది. తుప్పు పట్టింది దొరికినా సరే, రేకు తేలేదాకా గీకించి కొత్తదానికంటే బాగా తయారు చేయిస్తే కోట్లు." మొదటి మూడింటిలో కాస్తో కూస్తో నిజముంది. నాలుగోది నమ్మితే మాత్రం చేతిలో ఉన్న బండి పాడవుతుంది.

రేసు కారు అన్న మాట ముందు చూద్దాం. స్టాక్ కార్ రేసింగ్‌లో, అంటే మామూలు కార్ల మోడళ్ల పేరుతో జరిగే రేసుల్లో, పెట్టే మోడల్‌ని జనానికీ అమ్మి తీరాలన్నది అప్పటి నియమం. 1969లో 500 బళ్లు కడితే సరిపోయేది, అందుకే క్రైస్లర్‌దే మరో బ్రాండు డాడ్జ్ తన రెక్కల కారు ఛార్జర్ డేటోనాని 503 కట్టి ఊరుకుంది. మరుసటి ఏడాదికి ఇద్దరు డీలర్లకు ఒక బండి లెక్కన కట్టాలన్నారు. ప్లిమత్‌కి 1,900 పైచిలుకు సూపర్‌బర్డ్‌లు కట్టక తప్పలేదు. 1969లో ఫోర్డ్‌కి వెళ్లిపోయిన పేరుమోసిన రేసు డ్రైవర్ రిచర్డ్ పెటీని వెనక్కి రప్పించుకోవాలన్న ఆరాటం కూడా దీని వెనక ఉంది. పెటీ వచ్చాడు కూడా. ఆయన జట్టు సూపర్‌బర్డ్‌తోనే పీట్ హామిల్టన్ 1970లో డేటోనా 500 అనే పెద్ద రేసు గెలిచాడు.

కానీ హామిల్టన్ నడిపిన బండి షోరూమ్‌లోంచి తోలుకొచ్చింది కాదు. రేసు జట్లు తమ బళ్లను విడిగా, లోపల ఇనుప గొట్టాల పంజరంతో కట్టుకునేవి. షోరూమ్ సూపర్‌బర్డ్ అంటే ఆ బళ్లు ట్రాకెక్కడానికి కంపెనీ కట్టిన సుంకం, అంతే. ఇది తెలియక కొందరు మంచి రోడ్డు బండికి పంజరం వెల్డింగ్ చేయించి, పెటీ బండిలా నీలం రంగేసి, 43 నంబరు వేసి "రేసు రూపానికి తెచ్చాం" అంటారు. ఆ బండి ఎప్పుడూ లేని రూపం అది.

320 మాటకొస్తే, 1970 మార్చి 24న టల్లడేగా ట్రాకు మీద బడ్డీ బేకర్ గంటకు 200.447 మైళ్ల వేగంతో ఒక చుట్టు చుట్టాడు. అంటే 322 కిలోమీటర్ల పైమాటే. అయితే అది సూపర్‌బర్డ్ కాదు, డాడ్జ్ డేటోనా. అదీ క్రైస్లర్ కంపెనీ సొంత పరీక్షల బండి, రేసు ఇంజన్‌తో. జనం కొన్న సూపర్‌బర్డ్‌లలో ఎక్కువ వాటికి ఉన్నది 440 క్యూబిక్ అంగుళాల ఇంజన్. పేరుమోసిన 426 హెమీ ఇంజన్ పడ్డవి 135 మాత్రమే.

నిషేధమూ అంతే. 1971లో రెక్కల బళ్లకు ఇంజన్ 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదన్నారు. పీక నొక్కడమే, కాదనను. కానీ ఆ చిన్న ఇంజన్‌తోనే డిక్ బ్రూక్స్ ఒక డాడ్జ్ డేటోనాని 1971 డేటోనా 500 రేసులో దించి ఏడో స్థానం తెచ్చుకున్నాడు. నిషేధించిన బండి అయితే అక్కడ ఎలా పరుగెత్తింది?

ఇక అసలు గొడవ, కొత్తదానికంటే బాగా తయారు చేయించడం. సూపర్‌బర్డ్ కొత్తగా ఉన్నప్పుడే అంత నున్నటి బండి కాదు. డెట్రాయిట్‌లో లించ్ రోడ్ ఫ్యాక్టరీలో ప్లిమత్ వాళ్ల మామూలు మోడల్ రోడ్ రన్నర్‌గా తయారై, క్లెయిర్‌పాయింట్ అనే మరో చోటికి వెళ్లి ముక్కూ రెక్కా తగిలించుకుంది. గడువు తరుముతుంటే చేసిన పని. ముందు ఫెండర్లు, బానెట్ డాడ్జ్ కరొనెట్‌వి తెచ్చి, ముక్కుకు అతికేలా సవరించారు.

పైకప్పు మీది వైనల్ (తోలులాంటి ప్లాస్టిక్) తొడుగే చూడండి. చాలామంది అది ఫ్యాషన్ అనుకుంటారు. గాలి సాఫీగా జారడానికి వెనక అద్దం చుట్టూ కొత్త రేకు ముక్క వెల్డింగ్ చేశారు. ఆ అతుకుల్ని పూర్తిగా సాపు చేసి రంగేయాలంటే బోలెడు టైమూ ఖర్చూ. అందుకని వైనల్ కప్పేశారు. ఇప్పుడు షెడ్డువాళ్లు అదే వైనల్ పీకి, కింద గరుకుగా ఉన్న అతుకులు చూసి "ఎవరో చెత్త పని చేశారు సార్" అంటూ గ్రైండర్ పెట్టి, లప్పం నింపి చదును చేసేస్తారు. ఆ చెత్త పని చేసింది ఫ్యాక్టరీయే. బండి నిజమైనదని చెప్పే గుర్తుల్లో అదొకటి, కాస్తా దుమ్మైపోయింది. తుప్పు తిన్న రేకు మార్చాల్సిందే, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. బాగున్న అతుకుని ముట్టుకోవడం ఎందుకు?

గుర్తులు ఎందుకంత ముఖ్యమంటే, నకిలీలు అన్ని ఉన్నాయి కాబట్టి. తమాషా ఏమిటంటే అప్పట్లో ఈ బళ్లు అమ్ముడుపోక, కొందరు డీలర్లు ముక్కూ రెక్కా పీకేసి మామూలు రోడ్ రన్నర్లుగా అమ్ముకున్నారు. కాబట్టి ముక్కు లేనిది అసలుది కావచ్చు, ముక్కున్నది నకిలీ కావచ్చు. "ఛాసిస్ నంబరు ఆర్‌ఎం23 తో మొదలైంది, ఇంకేం కావాలి" అనే అమ్మకందార్లను నమ్మకండి. ఆ నాలుగు అక్షరాలు ఏ రోడ్ రన్నర్ హార్డ్‌టాప్‌కైనా ఉంటాయి. చూడాల్సింది ఆ తర్వాతి అక్షరం. అది యు అయితే నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న 440 ఇంజన్. 1970లో మామూలు రోడ్ రన్నర్‌కి ఆ ఇంజన్ ఇవ్వలేదు, కనక నంబరు అసలుదైతే సగం తేలినట్టే. వి (మూడు కార్బురేటర్ల 440), ఆర్ (హెమీ) అయితే తేలదు, ఆ ఇంజన్లు రోడ్ రన్నర్లకూ వేశారు. అప్పుడు రేడియేటర్ పైపట్టీ మీద, డిక్కీ అంచున కొట్టిన నంబర్లు డ్యాష్‌బోర్డు నంబరుతో కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. దొరికితే ఫ్యాక్టరీ వివరాల కాగితం కూడా. అది తరచుగా వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని ఉంటుంది. "మొత్తం విప్పేసి కొత్తగా చేద్దాం" అని దిగినవాళ్లు మొట్టమొదట చెత్తలో పారేసేది ఆ సీటునే.