గోల్ కొట్టినవాడే ఉత్తమ ఆటగాడా?

2024 అక్టోబరులో మోకాలి గాయంతో ఉన్న స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడేవాడు) రోడ్రి ఊతకర్రల సాయంతో పారిస్ వేదికపైకి వచ్చి, ఏటా ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే బాలన్ డి ఓర్ అందుకున్నాడు. తమ ఆటగాడు వినీసియస్ జూనియర్‌కు అన్యాయం జరిగిందన్న ఆగ్రహంతో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ ఆ వేడుకకే రాలేదు. తిరుపతి మైదానాల్లో ఆడుకునే కుర్రాళ్లలోనూ, అతను ఎన్ని గోల్స్ కొట్టాడని ఇచ్చారు అన్న ప్రశ్నే ఎక్కువగా వినిపించింది. రోడ్రి ఎంపిక సరైనదేనని, తప్పు ఆ ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం.

ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక 1956లో మొదలుపెట్టిన ఈ పురస్కారం 1994 వరకు యూరప్ దేశస్థులకే పరిమితమైంది. పీలే, మారడోనా ఆడిన కాలంలో వారికి అందులో చోటే లేదు. ఆ హద్దులు 1995లో కొంత, 2007లో పూర్తిగా తొలగిపోయినా, మైదానంలో నిలిచే స్థానాన్ని బట్టి ఏర్పడిన హద్దు మాత్రం చెరగలేదు. ఇన్నేళ్లలో పురుషుల పురస్కారం గెలిచిన గోల్‌కీపర్ 1963లో లెవ్ యాషిన్ ఒక్కడే. డిఫెండర్లలో బెకెన్‌బావర్, సామర్ తర్వాత 2006లో కన్నవారోకు దక్కింది, అంతే. 2014లో జర్మనీ ప్రపంచకప్ గెలవడంలో కీలకమైన గోల్‌కీపర్ మాన్యుయెల్ నోయర్‌కు 15.72 శాతం ఓట్లు వస్తే, రెండో స్థానంలో నిలిచిన మెస్సీకి 15.76 శాతం, విజేత రొనాల్డోకు 37.66 శాతం వచ్చాయి. గోల్‌కీపర్ల కోసం 2019లో యాషిన్ పేరిట వేరే ట్రోఫీ పెట్టారు గానీ, అది వారిని గౌరవిస్తూనే అసలు పోటీకి మరింత దూరం చేసిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు పురుషుల పురస్కారానికి ఫిఫా ర్యాంకుల్లో మొదటి 100 దేశాల నుంచి ఒక్కొక్క జర్నలిస్టు ఓటు వేస్తారు. (మన దేశం ఎక్కువ కాలం ఆ 100కు వెలుపలే ఉంటోంది.) అన్ని లీగ్‌ల మ్యాచ్‌లనూ ఏ ఒక్కరూ పూర్తిగా చూడలేరు కనుక, చివరికి గోల్స్ లెక్క, వాటి వీడియో ముక్కలే చాలామందికి ఆధారమవుతాయి. దాడి మొదలవకముందే దారి మూసేసిన మిడ్‌ఫీల్డర్ పని ఏ వీడియోలోనూ కనిపించదు.

బాలన్ డి ఓర్ పుట్టిన 1956లోనే హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన జట్టును మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చారు. బంతిని పట్టుకుని ఒక్కడే దూసుకుపోకుండా, వెంటనే సహచరుడికి అందించడం నేర్పేందుకు ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టేవారు. ఆ చూపు మనకు వారసత్వంగా ఉండగా, మన ఊళ్లలో గోల్‌పోస్టు ముందు నిలబడే పనిని ఇప్పటికీ అందరికంటే చిన్నవాడికో, ఆలస్యంగా వచ్చినవాడికో అంటగట్టడం బాధ కలిగిస్తుంది.

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో పాఠశాల, కళాశాల టోర్నమెంట్లు నిర్వహించేవారు దీన్ని మార్చగలరు. అత్యధిక గోల్స్ కొట్టినవారికి ఇచ్చే బహుమతిని అలాగే ఉంచి, ఉత్తమ ఆటగాడి ఎంపికను మాత్రం మ్యాచ్‌లన్నీ దగ్గరగా చూసిన రెఫరీలకు, కోచ్‌లకు అప్పగించాలి. ఏ కోచ్ కూడా సొంత జట్టు ఆటగాడికి ఓటు వేయరాదన్న నిబంధన పెట్టి, ఎంపికకు కారణాన్ని బహుమతి ఇచ్చేటప్పుడు పిల్లలందరి ముందూ చదివి వినిపించాలి.