తెర మీది కెమిస్ట్రీకి నల్లగొండ పద్ధతి

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఈ దేశంలో ఒక ప్రమాణం ఉన్నది. టీవీ హాస్య కార్యక్రమాల్లో జంటలుగా కనిపించేవారి మధ్య ప్రేమ ఎంతకు తగ్గకూడదో చెప్పే ప్రమాణం మాత్రం నేటికీ లేదు. ఆ ప్రేమను అందరూ 'కెమిస్ట్రీ' అనే పిలుస్తున్నారు కాబట్టి, రసాయనాల వల్ల తరతరాలుగా నష్టపోయిన జిల్లావాడిగా ఈ లోటు పూడ్చే బాధ్యత నాదేనని భావిస్తున్నాను.

ఫ్లోరైడ్ తగ్గించడానికి నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుగుకు దిగేదాకా కదపకుండా ఉంచి, పైతేటను వాడుకునే విధానానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు మా ఊరి పేరే పెట్టారు. ఆ నల్లగొండ పద్ధతినే తెర ప్రేమకూ వర్తింపజేయాలన్నది నా ప్రతిపాదన. ముందుగా రిమోట్‌తో శబ్దం ఆపితే వేణువు, వయొలిన్, జడ్జీల నవ్వు అడుగుకు దిగిపోతాయి. చున్నీ ఎగిరే స్లోమోషన్‌నూ గుండె ఆకారపు బెలూన్లనూ మనసులోనే వడకట్టి, గ్లాసులో మిగిలినదేమిటో చూడాలి.

గత ఆదివారం రామగిరిలోని మా ఇంట్లోనే పరీక్ష జరిపాను. తెర మీద ఒక యువకుడు మోకాలి మీద కూర్చొని గులాబీ చాచగా, ఆ అమ్మాయి అతడిని కాక అతడి భుజం మీదుగా మరెవరినో చూస్తూ సిగ్గుపడింది. చాటలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా ఆవిడ తలెత్తి, "గా పిల్ల సిగ్గువడుతున్నదా, పన్ను సలుపుతున్నదా?" అని అడిగింది. వారమంతా ప్రోమోలో తాళి కట్టించి, తీరా ఎపిసోడ్‌లో అదంతా స్కిట్ అని తేల్చే సంప్రదాయం ఉన్నచోట ఇది అడగదగిన ప్రశ్నే.

2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన హాస్య ధారావాహిక 'అమృతం' ఇదే పరీక్షకు తేటనీరులా నిలుస్తుంది. అందులో అమృతరావు పాత్రను శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు పోషించారు. భర్త ముఖమే రెండుసార్లు మారినా ఆ కాపురం మీద ఎవరికీ అనుమానం రాలేదంటే, నమ్మకం ముఖంలో లేదని, ఆయన కొత్త ఆలోచన చెప్పబోతుండగానే ఇల్లాలికి ముంచుకొచ్చే చిరాకులో ఉన్నదని అర్థం. అంత చిరాకు పరాయివాళ్ల మీద రాదు.

అమెరికావారి హాస్య ధారావాహిక 'ఫ్రెండ్స్'లో మోనికా, చాండ్లర్‌ల జత మొదట కొద్దిపాటి ముచ్చటగానే ఉద్దేశించినది. 1998లో లండన్‌లో చిత్రీకరించినప్పుడు చాండ్లర్ పడక మీద దుప్పటిలోంచి మోనికా తల బయటపెట్టగానే స్టూడియోలోని జనం ఆగకుండా కేకలు వేశారు. రచయితలు వారిద్దరినీ పెళ్లిదాకా నడిపించక తప్పలేదు. మన దగ్గర కేకలు వేసే పనిని కూడా జడ్జీలకే అప్పగించాము గనుక ఆ వెసులుబాటు లేదు.

ఈ మేరకు కలెక్టరేటులో ఇవ్వడానికి దరఖాస్తు మొదలుపెట్టాను. రెండో పేరాలో ఉండగా, "సప్పుడు బందువెట్టి ఉత్తగ సూసుడెందుకు? గివ్వి సగం తియ్యరాదు" అంటూ చాట నా వైపు జరిగింది. దరఖాస్తు ఆలస్యానికి కారణం అదే.