నవ్వకు అవ్వా, సహజంగా ఉండు

అరకు లోయలో ఏం పండుతుందని అడిగితే మీరు కాఫీ, మిరియాలు, పసుపు అంటారు. తప్పు. అక్కడి ప్రధాన పంట ముఖాలు. విత్తనం అక్కర్లేదు, గిట్టుబాటు ధర అడిగే నాథుడు లేడు, కోతలు శని, ఆదివారాల్లో. అరకు కాఫీకి, ఆ పేరు ఇంకెవరూ వాడుకోకుండా కాపాడే భౌగోళిక గుర్తింపు 2019లో వచ్చింది. ముఖాలకు రాలేదు కాబట్టి ఎవరైనా కోసుకుపోవచ్చు.

మొన్న సంతలో ఈ సేద్యాన్ని కళ్లారా చూశాను. ఒక పెద్దమనిషి మోచేయంత కెమెరాతో వచ్చి, పసుపు కొమ్ములు రాశిపోసుకున్న అవ్వ ముందు మోకాళ్లూనాడు. ‘నవ్వకు అవ్వా, సహజంగా ఉండు’ అన్నాడు. నిజానికి ఆమెకు నవ్వు రావడమే సహజం. బురదలో మోకరిల్లి ఒంటికన్నుతో చూసేవాడిని చూస్తే ఎవరికి రాదు? పాపం, ఆపుకుంది. ఇక సహజత్వం కోసం అసలు శ్రమ మొదలైంది. ప్లాస్టిక్ నీళ్ల సీసా సహజం కాదు, తీయించాడు. ఒళ్లో మోగుతున్న ఫోను సహజం కాదు, దాచమన్నాడు. అంకెలు వెలిగే కాటా సహజం కాదు, వెనక్కి నెట్టాడు. క్రికెట్ జెర్సీ తొడుక్కున్న మనవడైతే బొత్తిగా అసహజం, చెట్టు చాటుకు పంపాడు. కింద పరిచిన నీలం పట్టా రంగు కుదరలేదని దాన్నీ లాగబోయాడు కానీ, పసుపంతా దాని మీదే ఉంది. ఆమెకున్నవన్నీ ఒక్కొక్కటే తీసేశాక, ముక్కున మూడు పోగులతో మిగిలిన అవ్వ ఆయనకు సరిపడా సహజంగా కనిపించింది. ఈలోగా కాటా కనబడక ఇద్దరు బేరగాళ్లు పక్క రాశికి వెళ్లిపోయారు. ఆఖర్న ఆయన పసుపు కిలో ఎంతని అడిగాడు. చెప్పింది. ‘అంతా!’ అని లేచి దులుపుకున్నాడు.

సాయంత్రానికి అవ్వ ఫేస్‌బుక్‌లో వెలిసింది. కింద ‘కల్మషం ఎరుగని కొండజనం’ అని రాత. అంటే కల్మషం ఎరిగిన జనం ఎవరో ఆయనకు తెలుసన్నమాట, అంతవరకు సంతోషం. అన్నట్టు, రోడ్డు మీది ట్రాఫిక్ కెమెరా తన బొమ్మ తీసి చలానా పంపితే ‘నన్ను అడక్కుండా నా ఫోటో ఎలా తీస్తారు’ అని ఊగిపోయే జాతి కూడా ఇదే.

అరకులో పచ్చగా విరబూసే వలిసె అనే నూనెగింజల తోటల రైతులు తెలివైనవాళ్లు. తోటలో దిగి ఫోటో తీసుకోవాలంటే డబ్బు కట్టమంటున్నారు. తొక్కిన పువ్వుకు ధర పలికింది. పక్కనే అద్దెకిచ్చే గిరిజన వేషం కట్టి, కుండ చంకనెత్తుకున్న కోడలిని చూసి అత్తగారు మురిసిపోతున్నారు. గంటలో విప్పి ఇచ్చేయవచ్చు కదా, మురిపెంగానే ఉంటుంది.

అండమాన్‌లో జారవా అనే ఆదిమ తెగవాళ్లను ఫోటో తీయడం నేరం, జైలుకు పోవాలి. వాళ్ల అడవి గుండా వెళ్లే ట్రంక్ రోడ్డు మీద వాహనాలు పోలీసు కాపలాతో వరసగా సాగాలి, మధ్యలో ఆగకూడదు. అక్కడి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు 1956 నాటివి. అయినా తిండి ఆశ చూపి జారవా స్త్రీలను ఆడించిన వీడియో 2012లో బయటపడి లోకమంతా చూసింది. అరకులో అలాంటి చట్టం కూడా లేదు, అడ్డం పెట్టుకోవడానికి ఎవరి అరచేయి వారికే దిక్కు.

ఆ అరచేతినీ వదల్లేదు. ఇంకొకడు పెట్టిన ఫోటో చూశాను. తలమీద కట్టెల మోపు, ముఖానికి అడ్డంగా చెయ్యి, చేతి వెనక ఒక పిల్ల. కింద ‘కొండపిల్ల సిగ్గు’ అట. ఆహా అన్నవాళ్లు వందల మంది. సిగ్గు కాదురా అది! వద్దంటోంది. భాష రాకపోయినా, పాలు తాగే పసివాడికైనా అర్థమయ్యే మాట అది. నీకు అర్థమైంది కాబట్టే గబగబా నొక్కావు. వద్దన్న చేతినే బొమ్మ తీసి, దానికి ముద్దుపేరు పెట్టి, ఊరూరా పంచిపెట్టావు. రెండో చెయ్యి మోపు పట్టుకుని ఉంది, లేకపోతే అదీ అడ్డం పెట్టుకునేది.