ఎక్స్‌రే కనిపెట్టినాయన భార్యని పోగొట్టుకున్నాడన్న మెసేజ్‌లో నిజమెంత?

ఎక్స్‌రే గురించి ఒక మెసేజ్ మళ్ళీ గ్రూపుల్లో తిరుగుతోంది. డాక్టర్ రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టి భార్య చేతి మీద ప్రయోగం చేశాడట, ఆ రేడియేషన్‌కే ఆవిడ పోయిందట, ఆయనకీ దానివల్లే క్యాన్సర్ వచ్చిందట, పేటెంట్ మీద మాత్రం కోట్లు గడించాడట, ప్రమాదమని అప్పట్లో ఎవరికీ తెలియదట, అందుకని మనం ఎక్స్‌రే జోలికే పోకూడదట. చదివి ఊరుకుంటే ఫర్వాలేదు, కానీ ఇలాంటివి నమ్మి చెయ్యి విరిగిన పిల్లాడికి ఎక్స్‌రే వద్దనేవాళ్ళుంటారు. అందుకే ఒక్కో మాటా చూద్దాం.

ముందుగా, రాంట్‌జెన్ వైద్యుడు కాదు, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్. భార్య బెర్తా చేతికి ఎక్స్‌రే తీసిన మాట నిజమే, 1895 డిసెంబర్ 22న. ఆ తర్వాత ఆవిడ దాదాపు 24 ఏళ్ళు బతికి, 1919లో 80 ఏళ్ళ వయసులో పోయారు. ఆయన 1923లో పేగు క్యాన్సర్‌తో పోయిన మాటా నిజమే, అప్పటికి 77 ఏళ్ళు. కానీ ఎక్స్‌రేల మీద ఆయన పనిచేసింది కొద్దికాలమే, అదీ చాలావరకు జింకు పెట్టె, సీసం పలక అడ్డుపెట్టుకుని. ఇక పేటెంటా? తీసుకోనే లేదు. 1901 నోబెల్ డబ్బు కూడా యూనివర్సిటీకే ఇచ్చేశాడు. అలాంటి మనిషి మీద కోట్ల కథ అల్లడం చాలా అన్యాయం.

ఎక్స్‌రే వల్ల నిజంగా నష్టపోయిన వైద్యుడి కథ కావాలంటే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కి వెళ్ళాలి. జాన్ హాల్ ఎడ్వర్డ్స్, 1858లో పుట్టాడు. ఫోటోగ్రఫీ అంటే ప్రాణం, అందుకే రాంట్‌జెన్ వార్త తెలియగానే ఆయన ఆగలేకపోయాడు. 1896 జనవరి 11న ఒకరి చేతిలో దిగిన సూదిని ఎక్స్‌రేలో చూపించాడు. ఫిబ్రవరి 14న ఒకావిడ చేతిలో సూది ఎక్కడుందో ఎక్స్‌రే తీసి చూపిస్తే, దాన్ని బట్టే ఆపరేషన్ చేసి సూది తీశారు. రాంట్‌జెన్ తన పరిశోధన పత్రం ఇచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు! అంతకుముందు అలాంటి సూది కోసం కండలో కెలికి వెతకడమే. తర్వాత బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళి, గాయపడ్డ సైనికులకు ఎక్స్‌రేలు తీశాడు.

అప్పట్లో ఎక్స్‌రేలు పుట్టించే గాజు ట్యూబుల్లో గ్యాస్ ఎప్పటికప్పుడు మారేది, కిరణాల బలమూ మారేది. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ట్యూబుకీ, బొమ్మ కనిపించే తెరకీ మధ్య డాక్టర్లు తమ చెయ్యే పెట్టి ఎముకలు ఎలా కనిపిస్తున్నాయో చూసేవాళ్ళు, రోజూ, మళ్ళీ మళ్ళీ. పేషెంటుకి పడేది ఆ కాసేపే, డాక్టరుకి మాత్రం ఏళ్ళ తరబడి. హాల్ ఎడ్వర్డ్స్ చేతుల చర్మం పాడైపోయింది, నొప్పి వదల్లేదు, చివరికి క్యాన్సర్. 1908లో ఎడమ చెయ్యి తీసేశారు, కుడి చేతికి బొటనవేలు ఒక్కటే మిగిల్చారు. అయినా ఆయన ఇంట్లో కూర్చోలేదు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక ఆసుపత్రుల్లో పనిచేశాడు. 1926లో కన్నుమూశాడు. తీసేసిన ఆ ఎడమ చెయ్యి బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో భద్రంగా ఉంది. ఫార్వర్డ్ చేసేవాళ్ళు చెప్పాల్సిన పేరు ఇది, ఒక్కరూ చెప్పరు.

"ఎవరికీ తెలియదు" అన్నదీ తప్పే. జుట్టు రాలడం, చర్మం కాలడం గురించి 1896లోనే రిపోర్టులు వచ్చాయి. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ దీనివల్లే జబ్బుపడితే, ఎడిసన్ ఎక్స్‌రే పని మానేశాడు, 1904లో డాలీ పోయాడు. బోస్టన్‌లో రోలిన్స్ అనే దంతవైద్యుడు 1901లోనే గినీ పందుల మీద ప్రయోగం చేసి, ట్యూబుకి కవచం పెట్టమని మొత్తుకున్నాడు. చాలామంది చెవికెక్కించుకోలేదు, అదే అసలు బాధ. అలా ప్రాణాలు పోయిన 169 మంది పేర్లతో 1936లో హాంబర్గ్‌లో స్మారకం కట్టారు.

మరి ఇప్పుడు? ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే పడే రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి పడే రేడియేషన్‌ని కొలిచే కొలత). నేల నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ మామూలుగా పది రోజుల్లో పడేది దాదాపు అంతే. సీటీ స్కాన్‌కి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది కాబట్టి అవసరమా అని డాక్టర్ని అడగండి, తప్పులేదు. గర్భం ఉన్నా, ఉందేమో అని అనుమానమున్నా ఎక్స్‌రేకి ముందే చెప్పండి. డాక్టరు రాసిన ఎక్స్‌రేని మాత్రం ఈ మెసేజ్ చూసి మానకండి.