కుక్క కూర్చుంటేనే సముద్రం బయటికొస్తుంది

సముద్రం పక్కన టెంట్ వేసుకుని కుక్కతో రెండు రాత్రులు గడిపొచ్చిన వాళ్ళని అక్కడ ఏం చూశారని అడిగి చూడండి. సన్‌రైజ్ అంటారు, అలలంటారు, మావాడు ఎంత పరిగెత్తాడో అంటూ ఫోన్ తీసి వీడియో పెడతారు. ఆ వీడియోలో కుక్క ముందు ఓ యాభై పిట్టలు గాల్లోకి లేస్తుంటాయి. మొత్తం ట్రిప్‌లో వాళ్ళు చూసిన వైల్డ్‌లైఫ్ అదే, అదీ పారిపోతుండగా.

నేనూ చాలా కాలం ఆ బ్యాచే, అందుకే ధైర్యంగా అంటున్నా.

కుక్కల్ని బీచ్‌కి తేనే తేవద్దనే వాళ్ళతో నాకు పేచీ ఉంది, ‘మాది ఎవర్నీ ఏమీ అనదండీ, జస్ట్ ఆడుకుంటుంది’ అనే వాళ్ళతో అంతకంటే పెద్ద పేచీ ఉంది. కరవదు, నిజమే. ఎగిరే పిట్ట లాబ్రడార్‌కి దొరకదు, అదీ నిజమే. కానీ ఆ సంగతి పిట్టకి ఎవరు చెప్పాలి? దాని లెక్కలో నాలుగు కాళ్ళ మీద పరిగెత్తుకొచ్చేది నక్కో ఇంకోటో. పిల్లికి చెలగాటం ఎలక్కి ప్రాణసంకటం అని ఊరికే అన్లేదు కదా.

బార్‌టెయిల్డ్ గాడ్విట్ అని పొడుగు ముక్కు పిట్ట ఒకటుంది. ఎటెళ్తుందో తెలుసుకోడానికి ట్యాగ్ పెట్టిన ఒక గాడ్విట్, పుట్టి ఐదు నెలలే అయిన పిల్ల, 2022 అక్టోబర్‌లో అలాస్కాలో లేచి 11 రోజుల తర్వాత ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియాలో దిగింది, 13,560 కిలోమీటర్లు, మధ్యలో తిండి లేదు నీళ్ళు లేవు ఎక్కడా దిగింది లేదు. ఇలాంటి ప్రయాణానికి ముందు వీటి ఒంట్లో సగం దాకా కొవ్వే ఉంటుంది, ఆ కొవ్వంతా ఆటు టైమ్‌లో నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురదలోంచి పురుగుల్నీ చిన్న చిన్న గవ్వ జీవుల్నీ ఏరుకుని తిని సంపాదించుకున్నదే, ఆ బురద బయట ఉండేదేమో కొద్ది గంటలు. ఆ కొద్ది గంటల్లో మనవాడు నాలుగుసార్లు పరిగెత్తాడంటే దాన్ని నాలుగుసార్లు విస్తరి ముందు నుంచి లేపినట్టు. ఇక పోటు వచ్చిందంటే బురద మునిగిపోతుంది కాబట్టి పిట్టలన్నీ పొడి ఇసుక మీదకొచ్చి గుంపుగా నిలబడి రెస్ట్ తీసుకుంటాయి, మనం టెంట్ వేసేది కూడా ఆ పొడి ఇసుకలోనే. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ కాబట్టి ఆ ముక్క ఇంకా ఇరుకైపోతుంది, సరిగ్గా ఆ పౌర్ణమికే వెన్నెల బాగుంటుందని మనం బయల్దేరతాం.

ప్లోవర్లనే చిన్న ఒడ్డు పిట్టల సంగతి ఇంకా సున్నితం. బీచ్ మీద ఉండే రకాలు గూడు కట్టవు, ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెట్టేస్తాయి, అవి అచ్చం ఇసుక రంగులో మచ్చలతో ఉంటాయి కాబట్టి పక్కనే నిలబడ్డా కంటికి ఆనవు. వాటి మీద కుక్క కాలే పడక్కర్లేదు, ఎండ గట్టిగా ఉన్నరోజు తల్లి భయపడి లేచిపోయి చాలాసేపు రాకపోతే గుడ్లు ఆ వేడికే పోతాయి. కొన్నైతే రెక్క విరిగినట్టు యాక్షన్ చేస్తూ కుంటుకుంటూ కుక్కని గుడ్లకి దూరంగా లాక్కెళ్తాయి, మనం అదేదో కామెడీ అనుకుని నవ్వుకుంటాం.

సరే చైన్ వేసేస్తే అయిపోతుంది కదా అంటారు. అంత ఈజీ కాదు. 2007లో సిడ్నీ శివార్లలో చేసిన స్టడీ ఒకటి బయటికొచ్చింది, అది బీచ్ కాదు అడవి దారులు, కుక్కలన్నీ చైన్ మీదే నడిచాయి, అయినా ఎవరూ నడవని దారులతో పోలిస్తే పిట్టల సంఖ్య 41 శాతం, రకాలు 35 శాతం తక్కువ కనపడ్డాయి. అంటే చైన్ ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే, మిగతా సగం కుక్క కదులుతోందా ఆగిందా అన్నది. నా పాయింట్ మొత్తం ఇదే. కుక్కతో నడుస్తూ వైల్డ్‌లైఫ్ చూడలేం, కుక్కతో కూర్చుని చూడొచ్చు. పరుగు వేరే టైమ్, వేరే చోటు, అదీ ముందు బైనాక్యులర్స్‌తో చూసుకుని అక్కడ పిట్టల్లేవని తేల్చుకున్నాకే.

కూర్చుంటే ఏమవుతుందో చెప్తా. తెల్లారకముందు టెంట్ బయట చాప వేసుకుని మావాణ్ణి పక్కన పడుకోబెట్టాను, చైన్ నా కాలి కింద. పది నిమిషాలు వాడు గోల చేశాడు, మూలిగాడు, చాప కొరికాడు, తర్వాత విసుగొచ్చి గడ్డం ఇసుక మీద పెట్టేశాడు. ఇంకాసేపటికి వాడి ఎడమ చెవి ఒక్కటే లేచింది. నాకేం వినపడలేదు. వాడు చూస్తున్న వైపే చూస్తూ కూర్చున్నా, మూడు గజాల దూరంలో బొరియ లోంచి ముందు రెండు కళ్ళు, పుల్లల మీద గుచ్చినట్టు నిటారుగా, తర్వాత ఒక కాలు, తర్వాత పీత మొత్తం. లోపలి నుంచి తెచ్చిన ఇసుక ముద్దని దూరంగా విసిరేసి, కాసేపు మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ విసిరింది. అన్నేళ్ళుగా ఆ బొరియల మీద నుంచి నడిచానే గానీ పీత ఇల్లు ఊడ్చుకోవడం ఎప్పుడూ చూడలేదు. చూపించింది వాడే.

అందుకే కుక్కని ఇంట్లో వదిలేసి రమ్మనే సలహా నాకు నచ్చదు. కుక్క ముక్కూ చెవీ మనకి లేని పరికరాలు, వాడుకోవడం తెలియాలంతే. టక్కర్ అని ఒక నల్ల లాబ్రడార్ మిక్స్ ఉండేది, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళ రీసెర్చ్‌లో బోటు ముందు నిలబడి నీళ్ళ మీద తేలే ఓర్కా తిమింగలాల పేడని వాసనతో పట్టించేది, దాని ఆధారంగానే వాళ్ళు తిమింగలాల ఆరోగ్యం లెక్కగట్టేవాళ్ళు. విశేషమేంటంటే టక్కర్‌కి నీళ్ళంటే పడదు. ఆస్ట్రేలియాలో మిడిల్ ఐలాండ్ కథ ఇంకా గట్టిది, ఆటుకి నీళ్ళు తగ్గినప్పుడు నక్కలు ఆ దీవికి దాటొచ్చి లిటిల్ పెంగ్విన్లని చంపేస్తుంటే 2005 నాటికి పట్టుమని పది కూడా మిగల్లేదు, 2006లో గొర్రెల్ని కాసే మరెమ్మా జాతి కుక్కల్ని కాపలా పెట్టాక మళ్ళీ వంద దాటాయి. అక్కడ పెంగ్విన్‌కి కుక్క శత్రువా చుట్టమా చెప్పండి.

మనుషుల వైపు నుంచి కూడా పెద్ద త్యాగాలేం అక్కర్లేదు. కాలిఫోర్నియాలో కోల్ ఆయిల్ పాయింట్ దగ్గర బీచ్ మొత్తం మూసేయలేదు, స్నోయీ ప్లోవర్లు కూర్చునే చోటు వరకూ తాడు కట్టి పక్కన వలంటీర్లని నిలబెట్టారు, దశాబ్దాలుగా అక్కడ పిల్లల్ని చెయ్యని పిట్టలు 2001లో మళ్ళీ మొదలుపెట్టాయి.

ఒడ్డున సీల్ అనే సముద్ర జంతువు పడుకుని కనిపిస్తే మాత్రం కుక్కని వెనక్కి లాక్కెళ్ళిపోండి, ఇక్కడ నో డిస్కషన్. కుక్కలకొచ్చే డిస్టెంపర్ వైరస్ సీల్స్‌కీ వస్తుంది, 1987-88లో రష్యాలోని బైకాల్ సరస్సులో సీల్స్ వేలల్లో చచ్చిపోయింది దానివల్లే, కాబట్టి వ్యాక్సిన్ మనవాడి కోసం మాత్రమే కాదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన వాటిని మూతితో కెలకనివ్వకండి, వాటిలో పఫర్ చేప ఉండొచ్చు, దాని విషానికి విరుగుడు లేదు. తాగే నీళ్ళు వాడి కోసం వేరేగా ఎక్కువే మోసుకెళ్ళండి, దాహానికి ఉప్పు నీళ్ళు తాగేస్తే రాత్రంతా వాడికి వాంతులు, మీకు జాగారం (అనుభవం మీద చెప్తున్నా, టెంట్ లోపల).

మొన్నటి ట్రిప్‌లో ఆ పీతని ఫోటో తీద్దామని నలభై షాట్లు కొట్టాను. ఒక్కదాంట్లోనూ పీత సరిగ్గా పడలేదు. అన్నిట్లోనూ ముందు వాడి చెవే, ఫోకస్ కూడా దాని మీదే.